ముఖం ట్యూబు: ఔషధ నియంత్రణాధికారికి బహిరంగ లేఖ

భారత ఔషధ నియంత్రణాధికారి గారికి,
ఎఫ్‌డీఏ భవన్, కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ.



నేను డి.ఫార్మసీ చదివి, గోదావరి జిల్లాలోని ఒక మండల కేంద్రంలో 27 ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ని. ఇప్పుడు షాపు చేతులు మారింది, నేను ఇంటిపట్టున ఉంటున్నాను. ఈ ఉత్తరం ఫిర్యాదు అనుకుంటే ఫిర్యాదు, ఒప్పుకోలు అనుకుంటే ఒప్పుకోలు. రెండోదాని పాలే ఎక్కువ.

శ్రావణ మాసం దగ్గర పడుతోందంటే మా కౌంటరు దగ్గర ఒక మాట తరచూ వినపడేది. "బాబాయ్ గారూ, మొన్న మా వదిన పట్టుకెళ్లింది చూడండి, ముఖం ట్యూబు, అదొకటి ఇవ్వండి." పేరు చెప్పరు, కంపెనీ చెప్పరు, డాక్టరు చీటీ ఊసే ఉండదు. మా ఊళ్లో 'ముఖం ట్యూబు' అంటే ఒకటే అర్థం, 'తామర ట్యూబు' అంటే ఒకటే అర్థం. మొదటిదాంట్లో మొమెటసోన్ అనే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిసి ఉంటాయి. రెండోదాంట్లో క్లోబెటసాల్ అనే మరో స్టెరాయిడ్, దానికి తోడు ఫంగస్ మందు, ఆ పక్కనే యాంటీబయాటిక్కు. అవి ఏ అరలో ఉన్నాయో కంటితో వెతకాల్సిన పనే లేదు, చెయ్యికే అలవాటు. తీసి కాగితం కవరులో వేసి, డబ్బులు గల్లాపెట్టెలో వేసుకునేవాణ్ని.

చివరి ఏళ్లలో ఆ పెట్టెల మీద ఎడమవైపు నిలువునా ఎర్రగీత ఉండేది. రిజిస్టరైన డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని పక్కన ఇంగ్లీషులో ఉండేది. మా ఊరివాళ్లు ఆ గీతను కంపెనీవాడు అందానికి వేసిన డిజైను అనుకునేవారు. నాకు దాని అర్థం తెలుసు. తెలిసే ఇచ్చాను.

ఒకమ్మాయి గురించి చెప్పాలి. డిగ్రీ రెండో సంవత్సరం చదివేది, చామనఛాయ. నలుపు నారాయణుడు మెచ్చు అని ముసలమ్మలు ఓదార్పుగా అంటారు గానీ పెళ్లిచూపుల్లో నారాయణుడు రాడు కదా. మొదటి ట్యూబు వాళ్లమ్మ పట్టుకెళ్లింది. పది రోజులకే ముఖం తేటగా, నున్నగా వచ్చిందని ఇద్దరూ సంబరపడ్డారు. ఆ తర్వాత నెలకు రెండు ట్యూబుల చొప్పున ఎనిమిది నెలలు కొన్నారు. ఒకరోజు ఆ అమ్మాయి చున్నీ ముక్కు దాకా కప్పుకుని వచ్చింది. చున్నీ తీస్తే బుగ్గలు కందిపోయి, చర్మం కింద సన్నటి ఎర్రటి నరాలు దారాల్లా కనపడుతున్నాయి. గడ్డం మీద మొటిమలు, చెంపల మీద నూగు. "రాయడం మానేస్తే మంట పుడుతోందండీ, రాస్తే తగ్గుతోంది. ఇంకొకటి ఇవ్వండి" అంది. ఆ రోజు ఇవ్వలేదు. కాకినాడ వెళ్లి చర్మం డాక్టరుకు చూపించుకోమన్నాను. వెళ్లిందో, పక్క వీధి షాపుకే వెళ్లిందో తెలియదు. మా షాపుకి మాత్రం మళ్లీ రాలేదు.

మీకు ఇది కొత్త కథ కాదు. చర్మవైద్యులు దీనికి పేరు కూడా పెట్టారు, స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖం అని. 2011లో చర్మవైద్యుల జర్నల్లో ఒక అధ్యయనం వచ్చింది. దేశంలోని 12 కేంద్రాల్లో ముఖం మీద చర్మసమస్యతో వచ్చిన 2926 మందిని చూస్తే, వాళ్లలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నవాళ్లే. వాళ్లలో సగానికి మించి ఆ ట్యూబు వాడమన్నది డాక్టరు కానే కాదు. ఇరుగుపొరుగు, చుట్టాలు, బ్యూటీ పార్లరు, నాలాంటి షాపువాడు. ఆ లెక్క చదివినప్పుడు నన్నెవరో వేలెత్తి చూపినట్టయింది.

ఇంతకీ స్టెరాయిడ్ ముఖాన్ని ఎందుకు తెల్లబరుస్తుంది? కాలేజీలో మాకెవరూ చెప్పని ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. 1952లో అమెరికాలో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ని పైపూతగా వాడి, గజ్జిలా దురదపెట్టే చర్మవాపులు తగ్గుతాయని చూపించారు. ఆ తర్వాతి పదేళ్లలో కంపెనీలు ఒకదాన్ని మించిన స్టెరాయిడ్ ఒకటి తయారుచేస్తూ పోయాయి. ఏది ఎంత బలమైనదో తేల్చేదెట్లా? 1962లో మెకెంజీ, స్టౌటన్ ఒక తేలికైన పద్ధతి కనిపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ముంజేతి మీద మందు రాసి, కప్పి ఉంచి, కొన్ని గంటల తర్వాత చూడాలి. స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాల్ని ముడుచుకుపోయేట్టు చేస్తుంది, ఆ మేర చర్మం పాలిపోతుంది. ఎంత పాలిపోతే అంత బలమైన మందు. ఒక కంపెనీ క్రీము మరో కంపెనీ క్రీముకు సమానమా అని తేల్చడానికి అమెరికా నియంత్రణ సంస్థ కూడా ఈ పాలిపోయే పరీక్షనే ఒప్పుకుంటుంది.

అంటే, ప్రయోగశాలలో మందు బలాన్ని కొలిచే గుర్తు ఏదో, మా కౌంటరు దగ్గర జనం కొనుక్కుంటున్నది దాన్నే. పది రోజుల్లో ముఖం తేటపడిందని ఆ తల్లీకూతుళ్లు సంబరపడింది చాలావరకు నాళాలు ముడుచుకున్నందుకు. క్లోబెటసాల్ లాంటివి ఈ కొలతలో హైడ్రోకార్టిసోన్ కంటే వందల రెట్లు బలమైనవి. వరసగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడొద్దని క్లోబెటసాల్ కాగితంలోనే రాసి ఉంటుంది. ఆ కాగితం ఎనిమిది మడతలు పెట్టి చీమతలకాయంత అక్షరాలతో ఉంటుంది లెండి. మా షాపులో దాని పని ట్యూబు పెట్టెలో కదలకుండా ఆపడం.

ఎక్కడ రాస్తున్నామన్నదీ ముఖ్యమే. 1967లో ఫెల్డ్‌మన్, మేబాక్ లెక్కగట్టారు. ముంజేతి మీద రాసిన హైడ్రోకార్టిసోన్ ఒక పాలు ఒంట్లోకి ఇంకితే, నుదుటి మీద రాసింది 6 పాళ్లు, దవడ దగ్గర 13 పాళ్లు, పురుషుల వృషణాల చర్మం మీద 42 పాళ్లు ఇంకుతుంది. మా ఊళ్లో ముఖం ట్యూబు ముఖానికి, తామర ట్యూబు గజ్జలకి. ఎక్కడ రాయకూడదో సరిగ్గా అక్కడే.

ముఖం ట్యూబు కలయిక దానంతటది చెడ్డదేం కాదు, ఆ మాట కూడా న్యాయంగా చెప్పాలి. మంగు మచ్చలకు అది అసలైన వైద్యం. 1975లో ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 5 శాతం హైడ్రోక్వినోన్, 0.1 శాతం ట్రెటినోయిన్, 0.1 శాతం డెక్సామెథసోన్ కలిపి చర్మం రంగు తగ్గించే సూత్రం ప్రచురించింది. ఆ దారిలోనే 2002లో అమెరికా ఒక మూడు మందుల క్రీముకు అనుమతి ఇచ్చింది. అనుమతితో పాటు షరతులూ పెట్టింది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన మంగుకే వాడాలి, ముఖానికే, 8 వారాలు దాకా, ఎండ తగలకుండా చూసుకుంటూ. అందులో స్టెరాయిడ్ కూడా 0.01 శాతం ఫ్లుయోసినోలోన్, అంటే బలహీనమైన రకం. మన దేశంలో దాని స్థానంలోకి అంతకంటే బలమైన మొమెటసోన్ వచ్చి కూచుంది. మంగు అనే మాట ఎగిరిపోయింది, 8 వారాలు ఎగిరిపోయాయి, మిగిలింది తెలుపు ఒక్కటే. ఎండ తగలకుండా అంటారా, ఆ ట్యూబులు కొన్నవాళ్లలో సగం మంది వరి కోతలకు, రొయ్యల చెరువుల పనికి వెళ్లేవాళ్లు.

మీరు అనుమతి ఇచ్చేది పదార్థం ఒక్కదానికే కాదు కదా. ఏ రోగానికి, ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు అన్నవన్నీ కలిపితేనే అనుమతి. ఫ్యాక్టరీ గేటు దాటేదాకా అవన్నీ ట్యూబుతో పాటే ఉంటాయి. హోల్‌సేల్ డీలరు దాకా కొంత ఉంటాయి. మా కౌంటరు దాటేసరికి ట్యూబు మాత్రమే మిగులుతుంది.

చట్టం సంగతి. 1940 నాటి ఔషధాల చట్టంలోకి సౌందర్య సాధనాలు వచ్చి చేరింది 1962 సవరణతో. మెకెంజీ చర్మం పాలిపోవడాన్ని కొలిచిన ఏడే అది, కాకతాళీయం. ఒంటికి రుద్దేది, పూసేది, చల్లేది ఏదైనా శుభ్రం చేయడానికో, అందం పెంచడానికో, రూపు మార్చడానికో ఉద్దేశించినదైతే అది సౌందర్య సాధనం. రోగం తగ్గించడానికైతే మందు. ఈ విభజనలో అంతా 'ఉద్దేశించిన' అనే మాట మీద నడుస్తుంది. ఎవరి ఉద్దేశం? తయారుచేసినవాడిది. నా కౌంటరు ముందు నిలబడ్డ మనిషి ఉద్దేశాన్ని చట్టం అడగదు. పెట్టె మీద మందు, ఇంట్లో అద్దం ముందు స్నో. హైడ్రోక్వినోన్‌నే చూడండి. తెల్లబరిచే సౌందర్య సాధనాల్లో దాన్ని యూరప్ 2001 నుంచి నిషేధించింది. అమెరికాలో చీటీ లేకుండా దొరికే వీలును 2020లో తీసేశారు. మన దగ్గర అది మందు.

ఆ మాటకొస్తే, స్టెరాయిడ్ పూతలకు చీటీ నిబంధన కాగితం మీద కూడా చాలాకాలం లేదు. చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల షెడ్యూల్ హెచ్ జాబితా చివర ఒక చిన్న నోటు ఉండేది, పైపూతగా వాడేవాటికి ఇది వర్తించదని. ఆ నోటు అడ్డం పెట్టుకుని ఎన్ని స్టెరాయిడ్లు చీటీ లేకుండా అమ్ముడుపోయాయో మీ దస్త్రాలకే తెలియాలి. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొరపెట్టుకుంది, కోర్టుకూ వెళ్లింది. చివరికి 2018 మార్చిలో 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. ఆ వార్త పేపర్లో చూసిన రోజు మా వీధిలో నలుగురు షాపువాళ్లం టీ బడ్డీ దగ్గర మాట్లాడుకున్నాం. "ఇక చీటీ లేనిదే కుదరదేమో" అన్నాను. పెద్దాయన ఒకాయన నవ్వి, "చీటీ ఉన్న మందులన్నీ చీటీకే ఇస్తున్నావేంట్రా" అన్నాడు. మర్నాడు వ్యాపారం మామూలే.

కలగలుపు మందుల కథ ఇంకా పొడుగు. ఫార్మసీ చదివిన మాకందరికీ కోకటే గారి పేరు తెలుసు, వనమూలికల సబ్జెక్టులో ఆయన పుస్తకమే మాకు దిక్కు. ఆయన వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు. కేంద్రం అనుమతి లేకుండా రాష్ట్రాల లైసెన్సులతో మార్కెట్లోకి వచ్చేసిన కలయికలను జల్లెడ పట్టే పని ఆయన కమిటీకే అప్పజెప్పారు. 2016 మార్చిలో 344 కలయికలను నిషేధించారు. కంపెనీలు కోర్టుకెక్కాయి. సుప్రీంకోర్టు మళ్లీ పరిశీలించమంది. 2018 సెప్టెంబరులో 328 కలయికల మీద మళ్లీ నిషేధం పడింది. క్లోబెటసాల్, ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్ నాలుగూ ఒకే ట్యూబులో ఉన్న రకం ఆ జాబితాలో ఉంది. నా అరలో అది లేని రోజు ఉండేది కాదు. సరుకు వెనక్కి పంపాం. నెల తిరక్కుండా కంపెనీ కుర్రాడు దాదాపు అదే పేరుతో, ఒకటి రెండు మందులు మార్చిన కొత్త ట్యూబు పట్టుకొచ్చాడు. జనానికి తేడా తెలియలేదు. 'తామర ట్యూబు' ఇవ్వండి అన్నారు, ఇచ్చాం.

దాని ఫలితం ఊళ్లోనే ఆగలేదు. ఒకప్పుడు రెండు మూడు వారాలు ఫంగస్ మందు రాస్తే పోయే తామర ఇప్పుడు నెలల తరబడి వదలడం లేదని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు. స్టెరాయిడ్ దురదనూ ఎరుపునూ అణిచేస్తుంది, మనిషి తగ్గిందనుకుని ఆపేస్తాడు. ఫంగస్ మాత్రం రోగనిరోధక శక్తి మందగించిన చర్మంలో హాయిగా పాకుతుంది. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఇండియా, నేపాల్ నుంచి వచ్చిన రోగుల్లో టెర్బినఫిన్‌కు లొంగని ఒక తామర ఫంగస్‌ను గుర్తించి దానికి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. 2023లో న్యూయార్క్‌లోనూ కనపడిందని అమెరికా అంటువ్యాధుల కేంద్రం ప్రకటించింది. దేశం పేరు ఇలా శాస్త్రంలోకి ఎక్కడం నాకైతే సిగ్గుగా ఉంది. ఆ ఫంగస్ ఇంతగా పెరగడానికి ఈ తామర ట్యూబులు దోహదం చేశాయని చర్మవైద్యులు అంటుంటే, అందులో నా కౌంటరు వాటా ఎంతో అని లెక్కేసుకుంటుంటాను.

పాదరసం సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను, అది నా షాపు సరుకు కాదు కాబట్టి. 2020 డిసెంబరులో వచ్చిన సౌందర్య సాధనాల నియమాల ప్రకారం కంటి చుట్టూ వాడేవాటిని మినహాయిస్తే, పాదరసం అనుకోకుండా కలిసినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య చూసిన 22 మంది రోగుల్లో 15 మందికి ఒకే అరుదైన రకం కిడ్నీ జబ్బు ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. 2023లో కేరళ ఔషధ శాఖ 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో షాపుల మీద పడింది. మన రెండు రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లోనూ ఫ్యాన్సీ షాపుల్లోనూ దొరికే పేరూ ఊరూ లేని డబ్బాల్లో ఏముందో అడిగేవాళ్లు ఎందరు?

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నది.

బలమైన పైపూత స్టెరాయిడ్లను, స్టెరాయిడ్ ఉన్న ముఖం క్రీములను షెడ్యూల్ హెచ్ నుంచి హెచ్1కి మార్చండి. 2014 మార్చి నుంచి 46 మందులతో ఆ షెడ్యూలు అమల్లోకి వచ్చినప్పుడు నేను షాపులోనే ఉన్నాను. క్షయ మందులు, పెద్ద యాంటీబయాటిక్కులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత ఇచ్చిందీ విడిగా ఒక పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. ఆ పుస్తకం ఎలా నిండుతుందో కూడా నాకు తెలుసు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన రాత్రి కూచుని, ఏదో ఒక డాక్టరు పేరు తోచినట్టు రాసేవాళ్లు ఉన్నారు. సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ, దాని సొంతదారు ఎక్కడో హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే షాపులూ ఉన్నాయి. నెలనెలా అద్దె ముడుతుంది అంతే. అయినా చెబుతున్నాను, ఆ పుస్తకం వచ్చాక నా చెయ్యి ఆగేది. పేరు రాయాలంటే పేరు అడగాలి. పేరు అడిగితే, ఎందుకమ్మా ఇది, ఎన్నాళ్లుగా వాడుతున్నావ్ అనే మాటలు వాటంతటవే వచ్చేవి. ట్యూబులకూ అలాంటి పుస్తకం పెడితే, కొన్న బిల్లుల్లో ఉన్న ట్యూబులు, పుస్తకంలో రాసిన ట్యూబులు సరిపోల్చడం ఇన్‌స్పెక్టరుకు పది నిమిషాల పని.

రెండోది, తెలుగులో నాలుగు ముక్కలు. మడతల కాగితంలో కాకుండా ట్యూబు మీదే ఉండాలి. 'ఇది తెల్లబడే క్రీము కాదు. డాక్టరు చెప్పకుండా ముఖానికి రాయకండి.' ఏ రాష్ట్రంలో ఆ రాష్ట్రం భాష. సిగరెట్టు పెట్టె మీద బొమ్మే వేయించగలిగిన దేశానికి ఇది పెద్ద పనా?

మూడోది ప్రశ్న. 2020 ఫిబ్రవరిలో, అభ్యంతరకర ప్రకటనల మీద ఉన్న 1954 చట్టానికి ఒక సవరణ ముసాయిదా బయటికి వచ్చింది. ఒంటి రంగు తెల్లబరుస్తామనే ప్రకటనలనూ అందులో చేర్చారు, మొదటిసారి తప్పుకే 10 లక్షల దాకా జరిమానా అన్నారు. దాని సంగతి ఏమైంది?

ఇన్నేళ్లు అమ్మి ఇప్పుడు నీతులు చెబుతున్నాడు అని మా వీధి షాపువాళ్లు అంటారు. అననివ్వండి. నేను ఒక్కణ్నే మానేసినంత మాత్రాన ఆ అమ్మాయికి ట్యూబు దొరక్కుండా పోదు, పక్క షాపు ఇరవై అడుగుల దూరం. అందుకే మీకు రాయాల్సి వస్తోంది.

నిన్న సాయంత్రం ఒక పని చేశాను. మా మనవణ్ని, ఇంటర్ చదువుతున్నాడు, మా పేటలోని షాపుకు పంపాను. ముఖం ట్యూబు అని మాత్రమే అడగమన్నాను. ఐదు నిమిషాల్లో పట్టుకొచ్చాడు. చీటీ అడగలేదట, ఎవరికని అడగలేదట. "రాత్రిపూట రాసుకో, తొందరగా రిజల్ట్ వస్తుంది" అని చెప్పాడట. బిల్లు కావాలంటే, దీనికి బిల్లేంటి అన్నాడట. ట్యూబు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. బ్యాచ్ నంబరు, ఎర్రగీత అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాత ఫార్మసిస్టు,
గోదావరి జిల్లా.